బొంగరం లెక్క వదిలేస్తే తరంగం చేజారుతుంది

సంపాదకులకు,

అయ్యా,

గురుత్వ తరంగాల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. బరువులు, దూరాలు, తేదీలు సరిగానే ఇచ్చారు. పేచీ ఒక్క వాక్యం దగ్గరే. ఆ తరంగాలను పుట్టించే రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరగడమే అసలు సంగతనీ, ఒక్కొక్కటి తన చుట్టూ తాను తిరగడం లెక్కలోకి రానంత చిన్న విషయమనీ అందులో రాశారు. అది తప్పు. చదివి మరిచిపోయే తప్పయితే ఇంత ఉత్తరం రాసేవాళ్లం కాదు. కాకినాడ నుంచి నరసాపురం దాకా మన డెల్టా కాలేజీల్లో గురుత్వ తరంగాలను పట్టే లైగో వాళ్లు అందరికీ తెరిచిపెట్టిన డేటాతో ప్రాజెక్టులు చేసే పిల్లలున్నారు. స్పిన్ (తన చుట్టూ తాను తిరగడం) అని ఉన్నచోట సున్నా కొట్టి ముందుకెళ్లిపోవడం వాళ్లకు అలవాటైపోయింది. మీ వాక్యం ఆ సున్నాకు ముద్ర వేసినట్టయింది.

ముందు ఈ సంకేతం ఎలా దొరుకుతుందో చూడాలి. అమెరికాలో హాన్‌ఫర్డ్‌లో ఒకటి, లివింగ్‌స్టన్‌లో ఒకటి, 3000 కిలోమీటర్ల ఎడంలో రెండు లైగో యంత్రాలున్నాయి. ఒక్కోదానికి లంబకోణంలో రెండు చేతులు, ఒక్కో చెయ్యి 4 కిలోమీటర్లు. వాటిలో 40 కిలోల అద్దాలు 0.4 మిల్లీమీటర్ల మందమున్న గాజు పోగుల మీద వేలాడుతుంటాయి. 2015 సెప్టెంబరు 14న, మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాల 45 సెకన్లకు మొదటి తరంగం తగిలినప్పుడు ఆ చేతుల పొడవులో వచ్చిన తేడా ఒక ప్రోటాన్ అడ్డుకొలతలో సుమారు నాలుగు వందల వంతు. అది గట్టి సంకేతం. ఆ జంటలో కృష్ణబిలాల బరువు సూర్యుడికి 36 రెట్లు ఒకటి, 29 రెట్లు ఒకటి. రొదను కాస్త వడగడితే గ్రాఫులో కంటికే కనిపించింది. మీరు వేసిన బొమ్మ దానిదే. యంత్రం గీత గీస్తుంది, మనవాళ్లు చూసి చెబుతారు అని పాఠకుడు అనుకోవడానికి ఆ బొమ్మ చాలు.

అదే ఏడాది డిసెంబరు 26న వచ్చినదాన్ని చూడండి. బరువులు 14.2, 7.5 సూర్యులు. 35 హెర్ట్జ్ (సెకనుకు 35 చుట్లు) దగ్గర మొదలై 450 దాకా ఎక్కుతూ సెకను కాలంలో 55 చుట్లు సాగింది. బలం మొదటిదానిలో మూడో వంతు. దాన్ని ఎంత వడగట్టినా గ్రాఫులో రొద తప్ప ఇంకేమీ కనపడదు. అయినా రొదకు 13 రెట్లుగా తేలింది. ఎలాగంటే, తరంగం ఎలా ఉండాలో ముందే లెక్కగట్టి, ఆ నమూనాను డేటా మీద జరుపుకుంటూ పోయి, ఎక్కడ అతుకుతుందో చూశారు. మ్యాచ్డ్ ఫిల్టరింగ్ అంటే ఇదే. రాడార్ల కాలం నుంచీ ఉన్న పద్ధతి. జంట తారల తరంగాలకు నమూనాలు ఎలా ఎంచుకోవాలో 1991లోనే లెక్క చెప్పినవాళ్లు మన శాస్త్రవేత్తలు సత్యప్రకాశ్, ధురంధర్. ఇక గమనించాల్సింది ఏమిటంటే, ఆ డిసెంబరు సంకేతంలోనే రెండు కృష్ణబిలాల్లో కనీసం ఒకదాని స్పిన్ (0 నుంచి 1 దాకా ఉండే కొలతలో) 0.2 దాటి ఉందని తేలింది. అంటే దొరికిన రెండో సంకేతానికే స్పిన్ ఎదురొచ్చింది.

ఒకే రోట్లో ఇద్దరు జంట రోకళ్లు వేస్తుంటే చూసినవాళ్లకు ఈ పద్ధతి వేరే చెప్పక్కర్లేదు. ఒకరి పోటుకు ఇంకొకరి పోటు వరస కుదిరినంతసేపూ ధాన్యం నలుగుతుంది. వరస తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. డేటాలో తరంగం లేచినప్పుడు నమూనా కూడా లేస్తే రెండిటి గుణకారం కూడుకుంటూ పోతుంది. 55 చుట్లలో నలభయ్యో చుట్టు దగ్గర నమూనా అర చుట్టు వెనకబడిందనుకోండి. అక్కణ్నుంచి వచ్చే ప్రతి చుట్టూ అప్పటిదాకా పోగైనదాన్ని కరిగించేస్తుంది. 2017 ఆగస్టు 17 నాటి న్యూట్రాన్ తారల జంటైతే దాదాపు 100 సెకన్లు, 3000 చుట్లు వినిపించింది. అక్కడ అర చుట్టు తప్పడమంటే ఆరు వేలలో ఒక వంతు తప్పడం. స్పిన్ చేసేది సరిగ్గా ఈ చుట్ల లెక్కను మార్చడమే.

ఎంత మారుస్తుందో చెబుతాం. కృష్ణబిలం స్పిన్‌ను 0 నుంచి 1 లోపు సంఖ్యగా చెబుతారు. సూర్యుడికి 10 రెట్లున్న కృష్ణబిలం అసలు తిరగకపోతే, దాని చుట్టూ ఒక చిన్న వస్తువు నిలకడగా తిరగగల ఆఖరి కక్ష్య వ్యాసార్థం 89 కిలోమీటర్లు. స్పిన్ 1కి చేరి, వస్తువు కూడా అదే దిశలో తిరుగుతుంటే 15 కిలోమీటర్ల దాకా నిలవగలదు. ఎదురు దిశలో తిరుగుతుంటే 133 కిలోమీటర్ల దగ్గరే లోపలికి కూలిపోతుంది. సమాన బరువుల జంటల్లో అంకెలు వేరుగా వస్తాయిగానీ నడక ఇదే. స్పిన్, కక్ష్య ఒకే దిశలో ఉంటే కలిసిపోయే ముందు ఇంకొన్ని చుట్లు అదనంగా తిరిగి, తరంగం కూత, అంటే దాని పౌనఃపున్యం, ఇంకా పై స్థాయికి ఎక్కుతుంది. ఎదురు దిశలో ఉంటే తొందరగా తెగిపోతుంది.

స్పిన్ సున్నా పెట్టిన నమూనా ఈ తేడాను బరువుల్లో సర్దుకోవాలని చూస్తుంది. ప్రాజెక్టు రిపోర్టుల్లో తప్పు బరువులు పడేది ఇక్కడే. జంట మొత్తం ఎంత వేగంగా దగ్గరవుతుందో చెప్పే చిర్ప్ మాస్ మాత్రం పెద్దగా చెడదు. దాన్ని కదపకుండా రెండు బరువుల నిష్పత్తిని అటూఇటూ జరిపితే ఎదురు దిశ స్పిన్‌లాంటి మార్పే వస్తుంది. కాబట్టి అలాంటి సంకేతం దొరుకుతుంది, బరువులు మాత్రం అబద్ధం చెబుతాయి. స్పిన్ కక్ష్య దిశలోనే ఉంటే ఇంకో చిక్కు. సర్దుకోవాలంటే బరువులు మరింత సమానం కావాలి. రెండూ సమానమయ్యాక ఇంకా సమానం చేయడానికి ఏముంది? ఆ దారి మూసుకుపోతుంది, సంకేతమే జారిపోతుంది.

జారిపోవడమంటే కొద్దిగా బలం తగ్గడం అని తీసుకోవద్దు. తరంగం బలం దూరంతో పాటు తగ్గుతుంది. నమూనా 0.9 మేరకే అతికితే మనకు అందే దూరం 0.9 వంతవుతుంది, అందే ఘనపరిమాణం 0.729 వంతవుతుంది. నూటికి 27 జంటలు పోయినట్టు. 0.8 మేరకు అతికితే 49 పోతాయి. అందుకే నమూనాల బ్యాంకును ఏ సంకేతానికైనా కనీసం 0.97 మేరకు అతికేది ఒకటి ఉండేలా పేరుస్తారు. అప్పటికీ తొమ్మిది దాకా పోతాయి. 2015 వెతుకులాటకు పేర్చిన బ్యాంకులో సుమారు 2,50,000 నమూనాలున్నాయి. రెండు సూర్యుల బరువు లోపు వాటికి స్పిన్ 0.05 దాకా, అంతకు మించినవాటికి 0.99 దాకా, అన్నీ కక్ష్య అక్షం వెంట ఉన్నట్టే పెట్టారు.

స్పిన్ ఆ అక్షం వెంట కాకుండా ఓరగా ఉంటే మాత్రం కథ మారుతుంది. వేగం తగ్గిన బొంగరం తల తిప్పినట్టు కక్ష్య తలమే తిరగడం మొదలెడుతుంది. దీన్నే ప్రెసెషన్ అంటారు. బొంగరాన్ని అలా తిప్పేది భూమి లాగుడు. ఇక్కడ స్పిన్, కక్ష్య ఒకదాన్నొకటి మెలితిప్పుకుంటాయి. మొత్తం కోణీయ ద్రవ్యవేగం దిశ దాదాపు కదలదు, దాని చుట్టూ కక్ష్య ఊగుతుంది. ఇదే కక్ష్యను ఎదురుగా పళ్లెంలా చూస్తే తరంగం ఎంత బలంగా వస్తుందో, పక్కనుంచి అంచు మీద చూస్తే అందులో సగమే వస్తుంది. కక్ష్య ఊగుతుంటే ఈ రెండు చూపుల మధ్య మనం ఊగినట్టే లెక్క. కూత ఎక్కుతూనే ఉంటుంది, మధ్యలో గొంతు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రెండు బరువులు సమానంగా ఉండి, మనం ఎదురుగా చూస్తుంటే ఇది దాదాపు తెలియదు. 10 సూర్యుల కృష్ణబిలం, 1.4 సూర్యుల న్యూట్రాన్ తార జంటను అంచు మీద నుంచి చూసినప్పుడు బాగా తెలుస్తుంది. మామూలు నమూనా ఘోరంగా దెబ్బతినేదీ అక్కడే.

మరి ఊగే నమూనాలు కూడా అన్నీ బ్యాంకులో పేర్చేయొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. ధర ఉంది. నమూనాలు పది రెట్లయితే రొద పొరపాటున ఏదో ఒక నమూనాకు అతికే అవకాశమూ అంతే పెరుగుతుంది. రొద శుద్ధంగా గాసియన్ (ఉన్నట్టుండి పెద్దగా ఎగరని మామూలు యాదృచ్ఛిక రొద) అనుకుని లెక్క కడితే, రొదకు 8 రెట్ల దగ్గర పెట్టుకున్న గడపను (అది దాటితేనే సంకేతం అనుకునే హద్దును) 8.28కి ఎత్తాలి. అందే ఘనపరిమాణం పది శాతం తగ్గుతుంది. అంటే ఊగే జంటల కోసం ఊగని జంటల్లో నూటికి పది వదులుకోవడం. కృష్ణబిలం, న్యూట్రాన్ తార జంటల వరకు ఈ బేరం గిట్టుబాటవుతుందనీ, సమాన బరువుల కృష్ణబిలాలకు గిట్టదనీ మా అభిప్రాయం. యంత్రాల రొద గాసియన్ కాదు కాబట్టి నిజం ధర ఇంకా ఎక్కువే.

ఇక చేతి పని. కొత్తవాళ్లు డిసెంబరు 26 సంకేతంతోనే మొదలుపెట్టడం మేలు. ఓపెన్ సైన్స్ సెంటర్ సైట్లో జీపీఎస్ సెకను 1135136350 చుట్టూ ఉన్న 32 సెకన్ల ఫైలు, సెకనుకు 4096 రీడింగుల రకం, రెండు యంత్రాలవీ దించుకోవాలి. ఒక్కోదానిలో 1,31,072 అంకెలు, సుమారు ఒక మెగాబైటు. సెల్ డేటా చాలు. పైసీబీసీ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీ లినక్స్ మీద సాఫీగా ఎక్కుతుంది. ల్యాబులో విండోస్ తప్ప లేకపోతే గూగుల్ కొలాబ్‌లో నడిపించండి. ముందు 15 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హైపాస్‌తో తీసేయాలి. అక్కడి రొద కొండంత, వదిలేస్తే మిగతా లెక్కంతా మింగేస్తుంది. సెకనుకు 2048 రీడింగులకు తగ్గించి, ఫిల్టరు పాడుచేసిన రెండు కొసలనూ రెండేసి సెకన్లు కత్తిరించాలి. తర్వాత రొద వర్ణపటం, అంటే ఏ పౌనఃపున్యం దగ్గర రొద ఎంతుందో ఆ లెక్క: 4 సెకన్ల ముక్కలు, సగం సగం ఒకదాని మీద ఒకటి, ముక్క కొసలను మెల్లగా సున్నాకు దించే హాన్ విండో, వాటి మధ్యగతం. సగటు తీసుకుంటే ఒక్క గ్లిచ్ (యంత్రంలో ఉన్నట్టుండి లేచే దొంగ చప్పుడు) చాలు మొత్తాన్ని లాగేయడానికి.

నమూనా దగ్గర మూడు చోట్ల తప్పు చేస్తారు. మొదటిది బరువులు. పేపర్లలో వచ్చే 14.2, 7.5 ఆ జంట ఉన్నచోటి బరువులు. విశ్వం సాగడం వల్ల తరంగం మన దగ్గరికి కొంచెం బొంగురుపోయి వస్తుంది. కాబట్టి నమూనాకు ఇవ్వాల్సినవి వాటికి 1.09 రెట్లు, అంటే 15.5, 8.2. ఇది మరిచిపోయి సంకేతం దొరకలేదని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. రెండోది నమూనాలో కలయిక క్షణాన్ని శ్రేణి మొదటికి తిప్పిపెట్టకపోవడం. అప్పుడు శిఖరం (నమూనా బాగా అతికినచోట లేచే ఎత్తు) వస్తుందిగానీ తప్పు సమయంలో వస్తుంది. మూడోది ఫిల్టరయ్యాక కొసలు కత్తిరించకపోవడం. అక్కడ కనపడే ఎత్తయిన శిఖరాలన్నీ దొంగవే. అన్నీ కుదిరితే హాన్‌ఫర్డ్‌లో 10 చిల్లర, లివింగ్‌స్టన్‌లో 8కి దగ్గరగా శిఖరాలు, రెండిటి మధ్య సుమారు ఒక మిల్లీసెకను తేడాతో రావాలి. 15 మిల్లీసెకన్లకు మించి తేడా ఉంటే అది సంకేతం కాదు. రెండు యంత్రాల మధ్య కాంతి ప్రయాణమే 10 మిల్లీసెకన్లు, మిగతా 5 కొలతలో తేడాకు వదిలింది.

అప్పుడు స్పిన్ మార్చి చూడండి. ఐఎంఆర్‌ఫినామ్‌డి అనే నమూనాకు అక్షం వెంట స్పిన్లు ఇవ్వొచ్చు, ఓరగా ఉన్నవాటికి ఐఎంఆర్‌ఫినామ్‌పీవీ2 తీసుకోవాలి. చిర్ప్ మాస్ 9.7 దగ్గర కదలకుండా ఉంచి స్పిన్‌ను మైనస్ 0.8 (ఎదురు దిశ) నుంచి ప్లస్ 0.8 (అదే దిశ) దాకా 0.1 చొప్పున జరుపుతూ శిఖరం ఎత్తు రాసుకోండి. ఆ పట్టిక పక్కనే కై-స్క్వేర్ కూడా రాయాలి, ఇది వదలొద్దు. నమూనాను సమాన వంతు ఇచ్చే 16 పౌనఃపున్య ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క తన వంతు నిజంగా ఇస్తోందా అని చూడటమే కై-స్క్వేర్. గ్లిచ్ అయితే రెండు మూడు ముక్కల్లోనే బలమంతా ఉంటుంది, పట్టుబడిపోతుంది. కానీ నమూనాలో స్పిన్ తప్పుగా ఉంటే నిజమైన సంకేతం కూడా ఇక్కడ గ్లిచ్‌లాగే కనిపించి మార్కులు పోగొట్టుకుంటుంది. ఒకసారి శిఖరం తగ్గి, ఇంకోసారి ఈ పరీక్షలో కోత పడి, రెండు దెబ్బలు.

కంప్యూటర్ కన్నా ముందు చెవితో అర్థం కావాలంటే భీమవరం వైపు ఏ రొయ్యల చెరువు గట్టైనా ప్రయోగశాలే. చిన్న పైథాన్ కోడుతో ఒక కూత తయారుచేయండి. కలయికకు 3 సెకన్ల ముందు 200 హెర్ట్జ్, 0.04 సెకన్ల ముందు 1000 హెర్ట్జ్ ఉండేలా, మిగిలిన కాలానికి మైనస్ మూడు బై ఎనిమిది ఘాతంగా పెరగాలి. కోయిల కూతలాగే ఎక్కి టక్కున ఆగుతుంది. ఫోనులో పెట్టి 40 అడుగుల దూరం నుంచి మోగించి, చెరువుకు గాలి ఎక్కించే ఏరేటర్ పక్కన ఇంకో ఫోనుతో రికార్డు చేయండి. ఫైలు వావ్ రకంలో ఉండాలి. రికార్డర్‌లో రొద తగ్గించే సదుపాయం, ఆటోమేటిక్ గెయిన్ రెండూ ఆపేయాలి, లేకపోతే ఫోనే మన సంకేతాన్ని రొద అనుకుని తుడిచేస్తుంది. కూత లేకుండా ఒక నిమిషం ఉత్త ఏరేటర్ చప్పుడు విడిగా తీసుకోండి, రొద వర్ణపటానికి అది కావాలి. మోటారు, గేరుబాక్సు గీతలు అందులో నిట్టనిలువుగా కనిపిస్తాయి. రెండు ఫోన్ల గడియారాలు లక్షకు ఐదు పాళ్లు తేడా ఉన్నా 3 సెకన్లలో వచ్చే జారుడు 0.15 మిల్లీసెకన్లే, భయం లేదు. ఏరేటర్ ఆపమని మాత్రం రైతును అడగొద్దు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే రొయ్య తేలిపోతుంది.

ఈ కూతలో 894 చుట్లుంటాయి. దాన్నే 3.1 సెకన్లకు సాగదీసి మోగిస్తే 924. అక్షం వెంట స్పిన్ ఉన్న జంటకు నకలు అనుకోవచ్చు. 3 సెకన్ల నమూనాతో వెతకండి, 30 చుట్ల తేడాకు శిఖరం ఎంత కుంగిందో చూడండి. తర్వాత మామూలు కూతనే మోగిస్తూ, 3 సెకన్లలో మూడుసార్లు స్పీకరు మూతిని అటు తిప్పి ఇటు తిప్పండి. అది ప్రెసెషన్‌కు నాటు నకలు.

దొరికాక కూడా స్పిన్ అంకెను నమ్మడానికి తొందరపడకూడదు. 2020 జనవరి 29 సంకేతంలో ప్రెసెషన్ బాగా కనిపించిందని ఒక జట్టు చెప్పింది. అదే సమయంలో లివింగ్‌స్టన్ యంత్రంలో ఒక గ్లిచ్ ఉంది. దాన్ని తీసేసిన తీరును బట్టి ఆ ప్రెసెషన్ పెరుగుతోంది, తరుగుతోంది అని ఇంకో జట్టు చూపించింది. 2023 నవంబరు 23 నాటిదాన్ని 2025 జులైలో ప్రకటించారు. సూర్యుడికి సుమారు 137, 103 రెట్లు, స్పిన్లు 0.9, 0.8 దగ్గర. అంత బరువైన జంట వినిపించేది సెకనులో పదో వంతు కాలం, కొద్ది చుట్లు. అందుకే ఒక్కో రకం నమూనా ఒక్కో జవాబు ఇస్తోంది.

సముద్రం గురించి మీ వ్యాసంలో లేదు, మన జిల్లాల వాళ్లకు ఆ మాట చెబితే ఆసక్తిగా ఉండేది. కెరటాల తాకిడికి నేల సెకనుకు 0.1 నుంచి 0.3 చుట్ల లెక్కన ఊగుతుంటుంది, తుపాను వేళ మరీనూ. అద్దాలను నాలుగంచెల లోలకాల మీద వేలాడదీయడం వల్ల ఆ ఊపు నేరుగా 20 హెర్ట్జ్ దాకా ఎక్కదు. కానీ దారి తప్పిన లేజర్ కాంతి ఊగే గోడ మీద పడి తిరిగొచ్చి, గ్రాఫులో విల్లులాంటి మచ్చలు గీస్తుంది. మెక్సికో గల్ఫ్ కెరటాలతో లివింగ్‌స్టన్‌కు ఇది నిత్య బాధ. ఇలాంటి యంత్రాన్ని ఉప్పాడ ఒడ్డునో అంతర్వేదిలోనో పెట్టే పని లేదు. 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్లతో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లైగో-ఇండియా మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, తీరానికి దూరంగా వస్తోంది. అమెరికా డేటాలో కరెంటు గీత 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఇక్కడిదానిలో 50 దగ్గర, దాని రెట్ల దగ్గర ఉంటుంది. ఇప్పటి కోడులో 60 అని రాసిపెట్టుకున్న పిల్లలు అప్పటికి మార్చుకోవాలి. హాన్‌ఫర్డ్‌లో ఒక ఎండాకాలం గొట్టం మీద పేరుకున్న మంచును బొంతకాకులు పొడుస్తుంటే ఆ చప్పుడు కూడా డేటాలోకి ఎక్కింది. మన కాకులకూ ఆ తెలివి ఉంది.

ఇకమీదట ఇలాంటి వార్త వేసినప్పుడు రెండు బరువుల పక్కన ప్రభావ స్పిన్ అనే అంకె కూడా ఇవ్వమని కోరుతున్నాం. రెండు స్పిన్లలో కక్ష్య అక్షం వెంట ఉన్న భాగాలకు బరువుల ప్రకారం తీసిన సగటు అది. మైనస్ 1 నుంచి ప్లస్ 1 మధ్య ఉంటుంది. డిసెంబరు 26 జంటకు 0.2 దగ్గర. ఎంత తేడా ఉండొచ్చో ఆ హద్దులూ పక్కన వేయండి, ఒక్క పంక్తి పట్టదు. వ్యాసం పక్కనున్న గ్రాఫు కింద యంత్రం నమోదు చేసిన తరంగం అని ఉంది. దానికి బదులు వడగట్టాక 35 నుంచి 350 హెర్ట్జ్ మధ్య మిగిలిన తరంగం అని వేస్తే సరిపోతుంది.

ఇట్లు,
కొందరు భౌతికశాస్త్ర అధ్యాపకులు,
అమలాపురం, కోనసీమ